తపసి జిగురు: గొడ్డలి మానేస్తే చెట్టు బతుకుతుందా?

కొండవాలు:
తపసి చెట్టు బెరడుకు గాటు పెడితే కారే జిగురే తపసి జిగురు. పాడేరు, చింతపల్లి వైపు దాన్ని తీసేవాళ్లకిచ్చే శిక్షణల్లో ఒకటే మాట వినిపిస్తుంది. గొడ్డలి పక్కన పెట్టండి, వంపు కత్తి పట్టండి, తపసి చెట్టు నిలుస్తుంది అని. కత్తి పట్టిన గుట్టల్లోనూ మొదళ్లు ఎండిన చెట్లు కనిపిస్తూనే ఉన్నాయి. మరి గాటు లోతు ఒక్కటేనా కారణం? తెలిసినవాళ్లు చెప్పండి.

గాటుకొలత:
లోతే. బెరడుకీ కొయ్యకీ నడుమ సన్నటి పచ్చి పొర ఉంటుంది, కొత్త బెరడు పుట్టేది దాన్నుంచే. గొడ్డలి దెబ్బ ఆ పొరను దాటి కొయ్యలోకి దిగిపోతుంది. తపసి కొయ్య మెత్తన. తడి చేరితే పుచ్చుతుంది, పురుగు దూరుతుంది, మొదలు డొల్లవుతుంది. పెద్ద గాలి వస్తే అక్కడే విరుగుతుంది.

చెయ్యాల్సిన తీరు చెప్తాను. ఛాతీ ఎత్తులో తాడు చుట్టి కొలవండి, చుట్టుకొలత 90 సెంటీమీటర్లు లేని చెట్టును వదిలెయ్యండి. ముందు కాగితంలా లేచే పైపొరను గీకెయ్యాలి. లేకపోతే ఆ పేళ్లన్నీ జిగురులో కూరుకుపోతాయి. తర్వాత బెత్తెడు వెడల్పున లోపలి బెరడు చెక్కాలి, అర సెంటీమీటరు చాలు. తెల్ల కొయ్య కనిపించిందంటే దాటిపోయారన్నమాట. మళ్లీ గీసినప్పుడు పాత గాటు పై అంచునే పలచగా చెక్కుతూ పైకి వెళ్లాలి. పక్కలకి మాత్రం వెళ్లకూడదు. గాటు మాను చుట్టూ తిరిగితే ఆకుల నుంచి వేళ్లకు ఆహారం దిగే దారి తెగి చెట్టు నిలువునా ఎండుతుంది.

అరకు_బస్సు:
లోతు సంగతి నిజమే. మొండికత్తి అయితే అర సెంటీమీటరైనా బెరడు చీలికలవుతుంది. రోజూ పదును పెట్టాలి.

పొడిమర:
గాటు బాగుంటే సరుకు బాగుంటుందని అనుకోకండి. గాటు పెట్టిన మొదటి 24 గంటల్లోనే ఎక్కువ కారుతుంది, తర్వాత కొన్ని రోజులు తగ్గుతూ వస్తుంది. మర్నాడే తియ్యకుండా వారం వదిలితే దుమ్ము, చీమలు, బెరడు అన్నీ అంటుకుంటాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా వచ్చే ఎండాకాలపు జిగురుకు తెలుపూ చిక్కదనమూ ఎక్కువ. వాన తగిలిందంటే రంగు మారుతుంది.

మరలో గడ్డలు పగలగొట్టాక, విడిగా ఉన్న బెరడు తేలిక కాబట్టి గాలికి పోతుంది. జిగురు మింగేసిన బెరడు పోదు, పొడిలో నల్ల చుక్కలై మిగులుతుంది. ఆహారంలో కలిపేవాళ్లకైనా, విరేచనం సాఫీగా అవడానికిచ్చే మందుకైనా, కట్టుడు పళ్లు అతికే పొడికైనా ఆ చుక్కలు పనికిరావు. ఇంకో మాట, గడ్డగా ఉన్నంతకాలం జిగురు చిక్కదనం నిలుస్తుంది. పొడి చేసి వేడిలో, చెమ్మలో ఉంచితే వారాల్లోనే పడిపోతుంది, వెనిగర్ వాసన పెరుగుతుంది. అందుకే ఆర్డరు వచ్చాకే ఆడించాలి.

సీతమ్మధార:
జిగురు ఎక్కువ కారేలా చేసే ఎథెఫాన్ అనే రసాయనం మానులోకి ఎక్కిస్తే గాట్లే అక్కర్లేదంటారు కదా?

గాటుకొలత:
మానుకు చిన్న బెజ్జం వేసి ఆ ద్రావణం పోసి మూసేస్తారు. దిగుబడి చాలా రెట్లు పెరుగుతుంది, ఆ మాట నిజం. అలా పిండిన చెట్టు తేరుకోవడానికి టైము కావాలి, అది ఇచ్చేవాళ్లు ఎవరు? నలిగిన చెట్టుకు మాత్రం అసలు ఎక్కించకూడదు. పైగా తిండిలో కలిపే సరుకు కొనేవాళ్లు మందు అవశేషాల గురించి అడుగుతారు. అర సెంటీమీటరు చాలు అని మళ్లీ చెప్తున్నాను.

తూకంరాయి:
మీరు లోతు దగ్గరే ఆగిపోయారు. సంతలో ఏం జరుగుతుందో చూడండి. పది కిలోల పచ్చి జిగురు నీడన గుడ్డ మీద ఆరేస్తే ఎనిమిది కిలోలకు దిగిందనుకుందాం. ఎండిన తెల్ల సరుకుకు పచ్చి సరుకు మీద పాతిక శాతం ఎక్కువ ధర ఇస్తేనే లెక్క సరిపోతుంది. బెరడు ఏరడానికి పట్టిన రెండు పూటల కూలి ఇందులో కలపనే లేదు. కొనేవాడు కంటితో చూసి రెండూ ఒకే కుప్పలో వేస్తే ఎవరు ఆరబెడతారు? బెరడు బరువు కూడా తూకంలోకే వస్తుంటే గొడ్డలి ఎందుకు మానతారు?

గాటుకొలత:
ధరల గొడవ వేరే చర్చలో పెట్టండి. ఇక్కడ అడిగింది చెట్టు గురించి. ధర రెట్టింపైనా లోతు గాటు లోతు గాటే.

పొడిమర:
అన్నా, విడదీయలేం. గ్రేడు వారీగా వేర్వేరు సంచుల్లో కొన్నచోట బెరడు తక్కువ వస్తుంది. గ్రేడు కాగితం మీద ఒకటి, కుప్పలో ఒకటి అయితే ఏ శిక్షణా నిలవదు.

తూకంరాయి:
చెట్టు గురించే మాట్లాడుతున్నాను! ఎండలో కొండెక్కి గీసేవాళ్లకు కొలబద్ద చూపించి మీ తప్పే అంటారా? ఈ ఏడాది ఒకరు చెట్టును వదిలేశారనుకోండి, వచ్చే నెల పక్క ఊరి నుంచి ఇంకొకరొచ్చి అదే చెట్టుకు నాలుగు గాట్లు పెడతారు. వదిలినవాళ్లకు మిగిలేది ఖాళీ బుట్ట. చెట్టు ఎవరిదో తేలకుండా ‘విశ్రాంతి ఇవ్వండి’ అంటే ఎవరు వింటారు?

గాటుకొలత:
కాగితాలు ఉన్నాయి కదా. గిరిజన ప్రాంతాల గ్రామసభల కోసం వచ్చిన 1996 పీసా చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం గ్రామసభకు ఇచ్చింది, 2006 అటవీ హక్కుల చట్టం ఆ హక్కును ఇంకా స్పష్టం చేసింది. హక్కు ఉంటే చాలదు, చెయ్యి కూడా తిన్నగా ఉండాలి.

తూకంరాయి:
ఏజెన్సీలో ఈ సరుకు వ్యాపారాన్ని కట్టడి చేసిన నిబంధన 1979 నాటిది. హక్కు గ్రామసభది అని ఒక చట్టం, కొనుగోలు మీద కట్టడి ఇంకో చట్టం. రెండింటి మధ్యా చెట్టుకు కాపలా ఎవరు?

కొండవాలు:
ఇద్దరూ కాస్త ఆగండి. గాటుకొలత గారూ, సూటిగా అడుగుతాను. ఏడాది విడిచి ఏడాది గీస్తూ, లోతు కాస్త దాటితే చెట్టు ఉంటుందా? లేక సరిగ్గా అర సెంటీమీటరే గీస్తూ, ప్రతి ఏడాదీ నాలుగు వైపులా గీస్తే ఉంటుందా?

గాటుకొలత:
రెండో చెట్టు పోతుంది. మొదటిది ఉండొచ్చు. నిజమే, విశ్రాంతి సంగతి నేను తక్కువ చేసి మాట్లాడాను. అయినా లోతు వదలను. డొల్లయిన మొదలుకు ఎన్నేళ్లు విశ్రాంతి ఇచ్చినా కొయ్య తిరిగి రాదు.

తూకంరాయి:
ఈ మాట మొదటే అని ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు.

అరకు_బస్సు:
మొలకల సంగతి ఎవరూ ఎత్తలేదేం? పెద్ద చెట్లను ఎంత కాపాడినా, వేసవి నిప్పు, మేకలు కింద పిల్ల మొక్కను బతకనివ్వవు. గింజ మొలవడం కష్టం కాదు, రెండు మూడు వేసవులు దాటించడమే కష్టం. మొక్క చుట్టూ రెండు మూరల మేర గడ్డి చెక్కి, ముళ్లకంప వెయ్యాలి.

కొండవాలు:
అయితే మా వైపు ఇలా మొదలుపెడతాం. 90 దాటిన ప్రతి చెట్టుకూ తెల్ల రంగుతో నంబరు, ఈ ఏడాది గీసేవాటికి ఎర్ర చుక్క, గ్రామసభ పుస్తకంలో కుటుంబం పేరు. తూకంరాయి గారూ, ఆరబెట్టిన సరుకూ పచ్చి సరుకూ విడివిడిగా తూచి ఆ లెక్క ఇక్కడ పెట్టగలరా?

తూకంరాయి:
పెడతాను. మీ పుస్తకంలో చచ్చిన చెట్లకూ ఒక గడి ఉంచండి. లోతు వల్ల పోయిందా, అతిగా గీయడం వల్ల పోయిందా రాయండి.

గాటుకొలత:
ఆ గడి నింపేముందు మొదలు దగ్గర కోసి లోపల చూడాలి. బయటినుంచి చూసి రాస్తే ఒప్పుకోను.