తలకోనలో గోధుమరంగు ఫ్లైక్యాచర్: ఏషియన్ బ్రౌనా, బ్రౌన్ బ్రెస్టెడా?

నేరబైలు_నీడ:
అక్టోబరు చివర్లో, తలకోన జలపాతానికి పోయే దారిలో, గిల్లతీగ కింద ఆరడుగుల ఎత్తులో ఒక పిట్ట. పిచ్చుక కన్నా కాస్త చిన్నది. వీపు గోధుమరంగు, పొట్ట తెలుపు, పెద్ద కన్ను, చుట్టూ తెల్ల వలయం. ఎగిరి పురుగును పట్టి మళ్లీ అదే కొమ్మకు వస్తోంది. యాప్ ఏషియన్ బ్రౌన్ ఫ్లైక్యాచర్ అంటోంది. ఫొటోలో కాళ్లు నల్లగానే ఉన్నాయి గానీ రొమ్ము మరీ మట్టిరంగు, బ్రౌన్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచరేమోనని అనుమానం. ఎలా తేల్చాలి?

కొండగాలి:
యాప్ మాట పక్కన పెట్టండి. కంటి వలయం రెండిటికీ ఉంటుంది, దాంతో తేలదు. ముందు కాళ్లు, కింది ముక్కు చూడాలి. ఏషియన్ బ్రౌన్‌కు కాళ్లు నలుపు, కింది ముక్కు మొదట్లో పసుపు, కొస నలుపు. బ్రౌన్ బ్రెస్టెడ్‌కు కాళ్లు లేతరంగు, కింది ముక్కు కొసదాకా పసుపే. రొమ్ము ఆ తర్వాతే: మొదటిదానికి బూడిద మరకలా ఉంటుంది, రెండోదానికి గోధుమరంగు పట్టీ, దాని పైన గొంతు తెల్లగా విడిగా కనిపిస్తుంది. రెక్క ఈకల అంచుల్లో ఎర్రమట్టి ఛాయ కూడా వెతకండి.

చిక్కంతా వెలుతురుతోనే. వెనక ఆకాశం ఉంటే ఏ పిట్ట కాళ్లయినా నల్లగానే పడతాయి. రా (RAW) ఫైలు, అంటే కెమెరా మార్చని అసలు ఫొటో, ఉంటే షాడోలు (నీడ భాగాల వెలుగు) పెంచి చూడండి. నాయిస్ తీసేసిన జేపెగ్‌లో ముక్కు కొస రంగు చెరిగిపోతుంది. ఈసారి కెమెరాలో ఎక్స్‌పోజర్ (ఫొటో వెలుగు) +1 పెట్టండి. ఆకుల పచ్చదనం రొమ్ము మీద పడుతుంది కాబట్టి వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) ఆటోలో వదలొద్దు.

చిత్తూరు_మామిడితోపు:
అన్నా, చోటు కూడా లెక్కలోకి తీసుకోవాల. బ్రౌన్ బ్రెస్టెడ్ మన దేశంలో గూడు పెట్టేది ఈశాన్యంలో, చలికాలం గడిపేది పడమటి కనుమల్లో, శ్రీలంకలో. మన కొండలు ఆ దోవలోనే ఉండాయి. వాగు పక్కన, చిక్కటి నీడలో, కిందికొమ్మ మీదుంటే దాని మీదే అనుమానం. ఏషియన్ బ్రౌన్‌కు పలచని చెట్లు, మామిడితోపులు కూడా చాలు. అయితే అది కూడా నీడలోకి వస్తాది, చోటు ఒక్కటే సాక్ష్యం కాదు. అన్నట్టు, బ్రౌన్ బ్రెస్టెడ్ శాస్త్రీయ నామంలోని ‘ముత్తుయి’ పక్షి శాస్త్రవేత్త లేయార్డ్ దగ్గర పనిచేసిన ముత్తు అనే తమిళుడి పేరే.

నేరబైలు_నీడ:
రా ఫైలులో షాడోలు పెంచితే కాళ్లు గులాబీ కలిసిన లేతరంగులో కనిపిస్తున్నాయి. ముక్కు కొసకు ఆకు అడ్డం.

కొండగాలి:
అయితే బ్రౌన్ బ్రెస్టెడ్ వైపే మొగ్గు. కానీ ఒక్క గుర్తుతో ఈబర్డ్‌లో (చూసిన పిట్టల్ని నమోదు చేసే సైటు) పేరు ఖాయం చేయొద్దు. ‘మస్కికాపా జాతి’ అని (ఈ రెండు పిట్టలూ చేరే ప్రజాతి పేరు) పెట్టి, సరిచేయని ఫొటో జత చేయండి. రేపు పొద్దున్నే అదే కొమ్మ దగ్గర చూడండి, వలసలో ఆగినదైతే ఒకట్రెండు రోజులు అక్కడే తిరగొచ్చు. రికార్డు చేసిన కూత వినిపించి మాత్రం పిలవొద్దు.