జనవరి 30న బడిలో శాంతి దినం: ఉపన్యాసాలు కాకుండా ఏం చేయించవచ్చు?

నమస్కారమండీ. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. గాంధీగారి వర్ధంతినాడు 11 గంటలకు 2 నిమిషాలు మౌనం పాటించి, ఎవరి క్లాసుకు వాళ్ళం వెళ్ళిపోతాం. అదే రోజును స్పెయిన్ బడులు 1964 నుంచి అహింస, శాంతి దినంగా జరుపుకుంటున్నాయి. మొదలుపెట్టినవారు కవి, విద్యావేత్త ల్యొరెన్స్ విదాల్. జనవరిలో సెలవులుండే దక్షిణార్ధగోళ దేశాల్లో మార్చి 30న జరుపుతారు. ఐక్యరాజ్యసమితి 2007లో అక్టోబరు 2ను అంతర్జాతీయ అహింసా దినంగా ప్రకటించింది గానీ, మనకు ఆ రోజు సెలవు. అందుకే నాకు జనవరి 30 మీదే ఆశ.

స్పెయిన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళు ఎవరైనా ఉంటే, మీ పిల్లల బడిలో ఆ రోజు నిజంగా ఏం చేయిస్తారో చెప్పండి. వ్యాసరచన, వక్తృత్వం నాకు వద్దు. బాగా మాట్లాడే నలుగురే ముందుకొస్తారు, రోజూ కొట్టుకునేవాళ్ళు వెనక బెంచీలోనే ఉండిపోతారు. నాకు కావలసింది వాళ్ళే.

గొడవ పడ్డ ఇద్దరినీ కూర్చోబెట్టి తోటి పిల్లలే మాట్లాడించే పద్ధతి చాలా దేశాల బడుల్లో ఉంది. మన దగ్గర ఎవరైనా ప్రయత్నించారా? మధ్యవర్తులను ఎలా ఎంచుకున్నారు? మా వీధి, మా కులం అని పక్షం పట్టకుండా ఎలా చూశారు? ఎనిమిది, తొమ్మిది తరగతులకు పనికొచ్చేలా తెలుగులో రాసుకున్న కాగితాలేవైనా ఉంటే దయచేసి ఫొటో తీసి పెట్టండి. చేతిరాతైనా ఫర్వాలేదు.