అప్‌డేట్: 5.3 వేసుకున్నా జుట్టు నల్లగానే ఎందుకుంది?

పెట్టె మీద 5.3 అని ఉన్న గోధుమ రంగు వేసుకున్నా జుట్టు నల్లగానే ఉందేమిటని పోయిన నెల అడిగాను కదా. తప్పు రంగుది కాదు, నాది. చుక్కకు ముందు అంకె గాఢత: 1 నలుపు, 10 బాగా లేత రంగు. తర్వాతి అంకె ఛాయ. చాలా కంపెనీలకు 3 అంటే బంగారు ఛాయ. రెండేళ్లుగా నల్ల రంగు వేసుకుంటున్న సంగతి మీకు చెప్పనేలేదు! ఇలాంటి రంగులోని అమ్మోనియా వెంట్రుక పైపొరను తెరుస్తుంది. రంగులో కలిపే పెరాక్సైడ్ సహజ వర్ణకాన్ని కొంత పలుచన చేసి, లోపల కొత్త రంగును పుట్టిస్తుంది. పాత కృత్రిమ రంగును మాత్రం దాదాపు కదపలేదు. అందుకే కుదుళ్ల దగ్గరి తెల్ల వెంట్రుకలే గోధుమ రంగుకు తిరిగాయి, కింద అంతా కాకి నలుపు. మా అమ్మాయి జీబ్రా అంటోంది. బ్లీచింగ్ జోలికి పోను. నల్ల భాగాన్ని కొద్దికొద్దిగా కత్తిరిస్తున్నాను.