లంక రైతు పద్యం పాడితే బహుమతి రాదా?

లంకగాలి:
మొన్న శనివారం రాత్రి పాలకొల్లు దగ్గర ఓ ఊళ్ళో కొత్త పద్యనాటకం చూసొచ్చాను. 1986 ఆగస్టు వరద కథ. ఆ ఏడు భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు ఎక్కింది, కింద మా లంకలు, అంటే గోదారి మధ్య దిబ్బల మీది ఊళ్ళు, ఏమయ్యాయో ఈ వైపు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. గట్టు తెగిన రాత్రి ఒక రైతు కుటుంబం ఇంటి కప్పు మీదకెక్కి తెల్లారేదాకా ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చోవడం, అంతే నాటకం. కృష్ణుడు లేడు, హరిశ్చంద్రుడు లేడు, కిరీటాలూ భుజకీర్తులూ లేవు. ముప్పైకి పైగా పద్యాలు, కొన్ని పాటలు. చివరి రంగంలో నా పక్కన కూర్చున్న పెద్దాయన కండువాతో మొహం కప్పుకున్నాడు.

ఇప్పటికి రెండు సమీక్షలు వచ్చాయి. ఒకాయన రాసింది: గోచీ పెట్టుకున్న రైతు చేత శార్దూలాలు, అంటే పొడుగు పాదాల వృత్తపద్యాలు, పాడించడం అసహజం, ఇది వచనంలో సాంఘిక నాటకంగా రాసుకోవాల్సింది. రెండో ఆయన రాసింది: నటన బాగుంది గాని పద్యాల్లో రాగం లేదు, చదివేసి వెళ్ళిపోయారు, పద్యనాటకం విభాగంలో దీనికి బహుమతి ఆశించకూడదు. ఒకరికి పద్యం ఎక్కువైంది, ఇంకొకరికి చాల్లేదు. వచ్చే పరిషత్తుల నాటక పోటీలకీ, ఆపైన ప్రభుత్వం ఇచ్చే నందికీ ఈ నాటకం వెళ్ళబోతోంది. నా మటుకు నాకు మొదటి బహుమతి దీనికే రావాలి. మీరేమంటారు?

హార్మోనియం పెట్టె:
నేనూ చూశానండి, ముందు వరసలోనే ఉన్నాను. కథ గుండెకి తగిలింది, ఆ మాట కాదనను. కాని రెండో సమీక్ష రాసిన ఆయన పక్షమే నాది.

ముప్పై ఏళ్ళ పైనే పెట్టె వాయిస్తున్నాను. రాగం పద్యానికి నగ అనుకుంటారు చాలామంది. కాదండి, ఊపిరి. మైకులు లేని రోజుల్లో పంటకోసిన చేలో పందిరేసి ఆడితే చివర కూర్చున్నవాడికి మాట అందదు, రాగం అందుతుంది. నటుడు ఐదు శ్రుతిలో ఎత్తుకుని మోహన రాగంలో ఒక్కసారి పైకెళ్ళాడంటే ఊరి చివర ఇంట్లో పడుకున్నవాడు కూడా లేచి కూర్చునేవాడు. ఇప్పుడు మైకులు వచ్చాయి కాబట్టి గంటల తరబడి లాగక్కర్లేదు, ఒప్పుకుంటాను. బొత్తిగా తీసేస్తే మాత్రం అది పద్యం చదవడమే అవుతుంది, నాటకం ఆడటం అవ్వదు.

నన్ను అంతకంటే బాధపెట్టింది ఇంకోటుంది. పాటలకి రికార్డు చేసిన ట్రాక్ పెట్టారు. వాన చప్పుడుకి పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. మనిషి గొంతు వెనక ట్రాకేమిటండి? రెండో రంగంలో రైతు పాత్రధారికి దుఃఖం నిజంగానే పొంగింది, గొంతు పూడుకుపోయింది. ట్రాక్ ఆగదు కదా, అది తన దారిన పోయింది. పాపం అతను కన్నీళ్ళు మింగి దాని వెనక పరిగెత్తాడు. అక్కడ పెట్టె ఉండుంటే నేను ఆ స్వరం మీదే వేలు ఉంచి, అతను తేరుకునేదాకా కాసుకునేవాణ్ణి.

ఏలూరు కాలవ:
పెద్దవారు, ట్రాక్ సంగతిలో మీ మాటే నా మాట. రాగం దగ్గర మాత్రం ఒప్పుకోలేను. మా ఏలూరులో బందా కనకలింగేశ్వరరావు గారు ఉండేవారు. వృత్తి ప్లీడరు, ప్రాణం నాటకం. అర్థాన్ని ముంచేసే రాగాలాపన వద్దు, పద్యంలో మాట తెలియాలి, భావం పలకాలి అని కృష్ణుడి వేషం కట్టి మరీ చూపించారు. ఆయన పోయింది 1968లో. అంటే ఈ తగువు నిన్నా మొన్నటిది కాదు. మా ఇంట్లో కృష్ణుడి వేషానికి ఎవరు గొప్ప అంటే మా తాతయ్య షణ్ముఖి వారనేవాడు, మా పెదనాన్న పీసపాటి వారనేవాడు, భోజనాల దగ్గర మాటలుండేవి కాదు ఇద్దరికీ. రాగం తక్కువైందని ఒక నాటకం పద్యనాటకమే కాదనడం అన్యాయమండి.

హార్మోనియం పెట్టె:
బందా వారి పేరెత్తితే నేను నమస్కారం పెట్టి ఊరుకుంటాను. కాని ఆయన రాగం తగ్గించింది రాగం తెలిసి. రాని వాళ్ళు తగ్గించడం వేరు.

కాకినాడ కుర్రాడు:
నేను మూడు నెలల బట్టే పద్యనాటకాలు చూస్తున్నాను, తప్పుంటే మన్నించండి. పౌరాణికాలకి వెళ్తే సగం పద్యాలకి అర్థం పక్కవాళ్ళని అడగాల్సొస్తోంది. ఈ నాటకంలో ఒక్కటి కూడా అడగలేదు. నాలాంటి వాళ్ళు ఇంకో పదిమంది రావాలంటే ఇలాంటివే కావాలి.

ఆటవెలది:
రిటైరైన తెలుగు మాస్టారిని, అమలాపురం. మొదటి సమీక్ష గురించి ఎవరూ మాట్లాడట్లేదు, కాబట్టి నేను మాట్లాడతాను. లంక రైతు శార్దూలం పాడకూడదట. ఎందుకు పాడకూడదు? తిరుపతి వెంకట కవుల్లో ఒకరు కడియంలో పుట్టారు, ఇంకొకరు ఎండగండిలో. ఇద్దరూ మన గోదావరి వాళ్ళే. "బావా ఎప్పుడు వచ్చితీవు" అని వాళ్ళు రాసిన పద్యం పశువులు కాసేవాడి నోట కూడా ఆడుతుంది. అది ఏ వృత్తం అనుకున్నారు? శార్దూలమే. పంతొమ్మిది అక్షరాల పాదం, పదమూడో అక్షరం యతి, లెక్కకి లెక్క. అయినా ఎదురొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టే ఉంటుంది. కాబట్టి తప్పు శార్దూలానిది కాదు.

మరి తప్పు లేదా అంటే ఉంది. నీళ్ళు గడపలోకి వస్తున్నప్పుడు ఆ రైతు పాడిన పద్యంలో మొదటి పాదమంతా ఒక్కటే సంస్కృత సమాసం. ఆ క్షణంలో నాకు లంక పోయి నిఘంటువు కనబడింది. కలెక్టరు పాత్రకి అలాంటి భాష పెట్టుకోండి, బాగుంటుంది కూడా. ఇంటాయనకి కందం, ఆటవెలది, తేటగీతి లాంటి చిన్న పద్యాలు పెట్టాలి. వేమన ఆటవెలదిలో చెప్పనిది ఏముంది? రచయిత యువకుడు అని విన్నాను, ఛందస్సు మీద పట్టుంది. అలాంటి నాలుగు పద్యాలూ తిరగరాస్తే ఈ ఫిర్యాదే ఉండదు.

లంకగాలి:
మాస్టారూ, ఆ పద్యం దగ్గర నేనూ జారిపోయాను, ఒప్పుకుంటున్నాను. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులంటే మూడో ప్రమాద హెచ్చరిక అని మా లంకల్లో పసిపిల్లకి తెలుసు. నీళ్ళొచ్చేటప్పుడు మేం మాట్లాడేవి చిన్న చిన్న మాటలు. "దూడ తాడు విప్పావా" అంటాం. అంతే.

మార్కుల కాగితం:
కొన్ని పరిషత్తులకి న్యాయనిర్ణేతగా కూర్చున్నవాణ్ణి. బహుమతి వస్తుందా రాదా అన్నది మీరడిగిన ప్రశ్న కాబట్టి, మనసుకి నచ్చడం పక్కనబెట్టి చెప్తాను.

మేం చూసేది రచన, దర్శకత్వం, నటన, సంగీతం, ఆహార్యం, రంగాలంకరణ. రచనకి మార్కులు పడతాయి, వస్తువు కొత్తది కాబట్టి. రంగాలంకరణకి పడతాయి, ఆ ఇంటి కప్పు సెట్టు, నీలం గుడ్డతో నీటిమట్టం రంగం రంగానికీ పెంచడం నేను ఈ మధ్య చూసిన వాటిలో మేలైన పని. సంగీతం దగ్గర ట్రాక్ వల్ల పోతాయి. పద్యనాటకంలో సంగీతం దగ్గర పోగొట్టుకుంటే ఇంకోచోట పూడ్చుకోవడం కష్టం. ఇంకొకటి, మీరెవరూ చెప్పలేదు: ఆ రోజు కలెక్టరు పద్యానికి జనం వన్స్‌మోర్ అంటే నటుడు మళ్ళీ పాడాడు. మామూలు ప్రదర్శనలో అది పండగ. పోటీలో గడియారం ఆగదు, నిడివి దాటిందంటే కోత పడుతుంది. ఉన్నది ఉన్నట్టు తీసుకెళ్తే రచన, రంగాలంకరణ రెండూ వస్తాయి, ప్రదర్శనకి రెండో స్థానమో మూడో స్థానమో. నా అంచనా ఇది.

ఎడిసన్ నుంచి:
మాది మండపేట, ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటున్నాను. ఇక్కడి సంగతి ఒకటి చెప్పాలనిపించింది. బ్రాడ్‌వేలో వికెడ్ అనే సంగీత నాటకం 2003లో మొదలైంది. సమీక్షలు రెండు రకాలుగానూ వచ్చాయి. 2004లో ఉత్తమ సంగీత నాటకానికిచ్చే టోనీ అవార్డు దానికి రాలేదు, అవెన్యూ క్యూ అనే చిన్న నాటకం పట్టుకుపోయింది. వికెడ్ ఇరవై ఏళ్ళు దాటినా ఇంకా ఆడుతూనే ఉంది, మా అమ్మాయిని తీసుకెళ్ళి చూపించాను. అవార్డు రాకపోతే ఏమైంది, జనం ఉంటే చాలదా అండి?

మార్కుల కాగితం:
అక్కడ చాలుతుంది బాబూ, ఇక్కడ చాలదు. అక్కడ ఒకే థియేటర్లో రోజూ ఆట, టికెట్టు డబ్బుల మీద బతుకుతుంది. మన నాటకానికి టికెట్టేదీ? సెట్టు సామాను వేసుకెళ్ళే వ్యానూ, ఆహార్యం అద్దె, ఆడ ఆర్టిస్టుల పారితోషికం, వాద్యాల వాళ్ళకిచ్చేది, అంతా నాటక సమాజం వాళ్ళ జేబుల్లోంచే. పదిమంది ఉద్యోగస్తులు నెలజీతంలోంచి తలా ఇంత వేసుకుని ఒక నాటకం తయారుచేస్తారు. పరిషత్తులో ఒక బహుమతి వస్తేనే ఇంకో పరిషత్తు పిలుస్తుంది, వ్యాను కిరాయైనా గిడుతుంది. రాకపోతే ఆ సెట్టు ఎవరి ఇంటి వెనక పాకలోనో చెదపట్టిపోతుంది. అలా పోయిన మంచి నాటకాలు నా ఎరికలోనే ఉన్నాయి. కందుకూరి వారు 1880లో రాజమండ్రిలో నాటకం ఆడించిన నాటి నుంచీ ఈ గడ్డ మీద నాటకం బతికింది ఇలా సొంత డబ్బుతోనే. అందుకే బహుమతి గురించి మనం ఇంత గట్టిగా మాట్లాడుకోవడం తప్పు కాదు.

ఎడిసన్ నుంచి:
ఈ లెక్క నాకు తెలియదండి. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

తెర వెనక:
అందరికీ నమస్కారం. నేను పరిషత్తుల్లో వేషాలు వేసుకునే దాన్ని. ఆ నాటకంలో లేను, ప్రేక్షకుల్లో ఉన్నాను, మర్నాడు అదే వేదిక మీద మాకు వేరే నాటకం ఉంది. ఒకే పరిషత్తులో రెండు మూడు సమాజాలకి వేషం కట్టి తెల్లవారుజామున బస్సెక్కే వాళ్ళం కాబట్టి అన్ని నాటకాలూ మా కళ్ళబడతాయి.

రెండు సమీక్షలూ చదివాను, ఇక్కడ మీరు రాసినవన్నీ చదివాను. తల్లి పాత్ర గురించి ఒక్కరూ మాట్లాడలేదు. ముప్పై పద్యాల పైన ఉన్న నాటకంలో ఆవిడకి ఉన్నవి రెండు. ఒకటి గోదారి తల్లికి దణ్ణం, రెండోది కొడుకు కోసం ఏడుపు. మిగిలిన వేళంతా కప్పు మీద పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. ఆ అమ్మాయి మంచి నటి, శ్రుతిలో నిలబడే గొంతు. రెండు పద్యాలకి ఉత్తమ నటి ఎవరిస్తారండి?

1986లో నాకు ఆరేళ్ళు. మాదీ లంకే. ఆ రాత్రి మా నాన్న ఏమన్నాడో నాకు గుర్తులేదు. మా అమ్మ మాత్రం ఉట్టి మీద చద్దన్నం గిన్నె ఉందని, దాన్ని తెచ్చుకోలేదని, పడవెక్కిన దగ్గర్నుంచీ అదే మాట. పొద్దున్నే మేం తింటామని పెట్టింది. ఇల్లు పోయింది, గేదె పోయింది, వాటి గురించి ఏడవలేదు. ఆ గిన్నె సంగతి ఇప్పటికీ చెప్తుంది. రాగం ఎక్కువా తక్కువా అని కాదండి నా బాధ. నీళ్ళొచ్చినప్పుడు ఇంట్లో ఆడమనిషికి ఏం గుర్తొస్తుందో ఈ నాటకంలో లేదు. అది లేనప్పుడు బంగారు నంది వచ్చినా నాకు వెలితిగానే ఉంటుంది.

లంకగాలి:
అక్కా, నేను మూడుసార్లు చదివాను మీరు రాసింది. మొదటి బహుమతి దీనికే రావాలి అని పొద్దున రాశాను. ఇప్పుడు ఆ మాట అలాగే అనలేకపోతున్నాను. రచయిత నాకు తెలుసు, మీ మాట ఆయనకి చేరుస్తాను.

ఏలూరు కాలవ:
ఆడుతున్న నాటకంలో కొత్త పద్యం కలపొచ్చా? నియమాలు ఒప్పుకుంటాయా?

ఆటవెలది:
రచయితే కలుపుకుంటే ఎవరు కాదంటారు? పోటీకి కొత్త ప్రతి పంపుకోవాలి, అంతే. అసలు మన నాటకం పెరిగిందే అలా. హరిశ్చంద్ర కాటిసీనులో జనం కన్నీళ్ళు పెట్టుకునే పద్యాల్లో కొన్ని ఆ నాటకం రాసిన బలిజేపల్లి వారివి కావు, జాషువా గారివి. నటులు తెచ్చి పాడారు, జనం ఉంచేసుకున్నారు.

అమ్మా, మీ అమ్మగారి మాట విన్నాక ఊరుకోలేక ఒకటి రాశాను. రచయితకి నచ్చితే వాడుకోమనండి, నా పేరు అక్కర్లేదు.

గట్టు తెగిన రాత్రి గంగమ్మ మా యింట
నడుగు పెట్టి పొయ్యి నార్పె నమ్మ
ఉట్టి మీద చద్ది యూగుచున్నది గాని
ఊరు లేదు తినగ, నుండె నేరు

తెర వెనక:
మాస్టారూ, మా అమ్మకి చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది. ఈ పద్యం ఆ అమ్మాయికి నేనే నేర్పుతాను, ఫోన్లో అయినా సరే. ఏ రాగంలో అంటారు?

హార్మోనియం పెట్టె:
భీంపలాస్ అందామనుకున్నాను. రెండుసార్లు పెట్టె మీద వేసి చూసుకున్నాను, వద్దనిపించింది. శ్రుతి ఒక్కటే పట్టుకుని మొదటి రెండు పాదాలూ నెమ్మదిగా చెప్పించండి. ఉట్టి అన్న మాట దగ్గర నేను తిత్తి కూడా వదిలేస్తాను, ఆ అమ్మాయి గొంతు ఒక్కటే ఉండాలి. ట్రాక్ తీసేస్తామంటే సమాజం వాళ్ళకి చెప్పండి, రిహార్సలుకి నేనే వస్తాను. ఆదివారాలు ఖాళీగానే ఉంటాను, తణుకు నుంచి బస్సుకి గంట.