యాక్సియల్ ఫ్లక్స్ మోటర్‌లో రాగికి బదులు కార్బన్ నానోట్యూబ్ నూలు, ఎవరైనా చుట్టి చూశారా?

కాయిల్‌పిచ్చి: ఫీల్డ్ ఇరుసు వెంబడి పోయే బిళ్ళలాంటి మోటర్ ఇది, అందులో రెండు రోటర్ల (తిరిగే మాగ్నెట్ డిస్కుల) మధ్య ఇనుము లేని స్టేటర్ (కదలని కాయిల్ భాగం) డిజైన్ చేస్తున్నా. తీగ నేరుగా మాగ్నెట్ ఫీల్డ్‌లోనే ఉంటుంది కదా, ఎడ్డీ లాస్ (మారే ఫీల్డ్ వల్ల తీగలోపలే సుడి కరెంట్లు పుట్టి వేడిగా పోవడం) చంపేస్తోంది. నానోట్యూబ్ నూలుకి కండక్టివిటీ తక్కువ కాబట్టి ఎడ్డీ తగ్గుద్ది, బరువూ తగ్గుద్ది అనుకుంటున్నా. మీరేమంటారు?

ఓమ్‌మనవడు: ముందు లెక్క వేయండి బ్రో. 1 కిలోహెర్ట్జ్, 0.5 టెస్లా, చదరపు మిల్లీమీటరుకి 5 ఆంపియర్లు, 0.5 మిమీ రాగి తీగ అనుకుందాం. ఘన సెంటీమీటరుకి ఐ స్క్వేర్ ఆర్ లాస్ (తీగ రెసిస్టెన్స్ వల్ల వచ్చే వేడి) 0.43 వాట్లే, ఎడ్డీ మాత్రం 4.5, అంటే పదింతలు!! అదే మందం నూలు, ల్యాబుల్లో వచ్చిన బెస్ట్ సరుకు కండక్టివిటీ మీటరుకి 10 మెగాసీమెన్స్ (రాగి 58) వేసుకుంటే ఐ స్క్వేర్ ఆర్ 2.5, ఎడ్డీ 0.8, మొత్తం 3.3. గెలిచినట్టే ఉంది కదా? ఇప్పుడు 0.1 మిమీ తీగల లిట్జ్ రాగి (విడివిడిగా ఇన్సులేట్ చేసిన సన్న తీగల్ని పేనిన తీగ) పెట్టండి, ఎడ్డీ 25 రెట్లు పడిపోయి మొత్తం 0.6.

కాయిల్‌పిచ్చి: లిట్జ్‌లో ఫిల్ (కాయిల్ జాగాలో అసలు రాగి పట్టే వాటా) తక్కువ కదండీ

ఓమ్‌మనవడు: సగానికి పడినా లిట్జే నయం. నూలు కూడా 0.1 మిమీదే తీసుకున్నా ఈ లెక్కన దాదాపు 3.7 కిలోహెర్ట్జ్ దాటాకే అది ముందుకొస్తుంది.

సన్ననిదారం: ల్యాబ్‌లో నూలు చుట్టాను, చేతికి కుట్టుదారంలా మెత్తగా ఉంటుంది, రాగిలా వెనక్కి విచ్చుకోదు, చిన్న బాబిన్ మీద హాయిగా కూర్చుంటుంది. అసలు తలనొప్పి చివర్ల దగ్గర, సోల్డర్ అస్సలు పట్టదు. రాగి ఫెరూల్ (చిన్న గొట్టం) పెట్టి క్రింప్ చేసి (నొక్కి బిగించి), నాలుగు వైర్ల పద్ధతిలో (కరెంట్‌కి రెండు, వోల్టేజ్‌కి వేరే రెండు) కొలుచుకోవాల్సిందే, లేకపోతే జాయింట్ రెసిస్టెన్స్‌ని నూలు రెసిస్టెన్స్ అనుకుంటాం. పోగులు లేచి ఇన్సులేషన్‌లోంచి బయటికొస్తే టర్న్‌ల మధ్య షార్ట్ కూడా.

మాగ్నెట్‌మావ: బరువు సంగతి చెప్తా. నూలు సాంద్రత రాగిలో ఆరోవంతు దగ్గర, బెస్ట్ నూలు కండక్టివిటీ కూడా ఆరోవంతే, అంటే కిలోకి కిలో సమానం. పైగా అదే రెసిస్టెన్స్ కోసం వైండింగ్ మందం పెంచితే రోటర్ల మధ్య గ్యాప్ పెరుగుద్ది, గ్యాప్ పెరిగితే మాగ్నెట్లు లావవ్వాలి, మిగిల్చిన బరువంతా అక్కడే పోతుంది. ఫిన్లాండ్‌లో లాపీన్‌రాంటా యూనివర్సిటీ వాళ్ళు 2014లో ఈ నూలుతో మోటర్ తిప్పి చూపించారు, 40 వాట్లు, 15000 ఆర్‌పీఎం, ఎఫిషియన్సీ 70% దగ్గర. తిరుగుద్ది అని తేలింది, అంతవరకే.

కాయిల్‌పిచ్చి: సరే, ఈసారికి లిట్జ్‌తోనే వెళ్తా. సన్ననిదారం గారూ, ఆ క్రింప్ జాయింట్ వేడెక్కాక రీడింగ్ నిలకడగా ఉంటుందా, కదులుతుందా?