పరాసుల పాలా, పరాయిల పాలా?

బందరు పిల్ల: మా అమ్మమ్మ ఇంట్లో ఏది పోయినా "పోయిందిలే, పరాసుల పాలైంది" అనేది. ఇత్తడి చెంబు పోయినా అదే మాట, దండెం మీద చీర పోయినా అదే మాట. నిన్న అటక దులుపుతుంటే ఆ చెంబు మూత దొరికింది. అక్కేమో "పరాసుల కాదే, పరాయిల" అంటోంది. సు నా, యి నా?

కోటగట్టు: సు. పరాసుపేట, ఇంగ్లీషుపాలెం, డచ్చివాళ్ల వలందపాలెం మూడూ ఊళ్లో పెట్టుకుని అడగాలా? పరాసు అంటే ఫ్రెంచివాడే. 1750లో బందరు పోయింది వాళ్ల చేతికే.

అమరం మాస్టారు: తొందరపడకండి. పర + అసు, ప్రాణం పోయినవాడు. తిక్కన యుద్ధపర్వాలు తిరగేసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. పోయినవాళ్ల వెంట పోయింది అని భావం. ఫ్రెంచివాడి ప్రసక్తే లేదు.

కోటగట్టు: చెంబు పోతే పరలోకం దాకా పంపాలా మాస్టారూ?

పాతబస్తీ: ఫరాష్ అని ఒకటుంది, తివాచీలు పరిచే నౌకరు. వస్తువు పోతే పాపం అనుమానం ముందు వాడి మీదే కదా.

యానాం అల్లుడు: నా ఓటు ఫ్రెంచివాడికే. కానీ మళ్లీ వాళ్ల చేతిలోంచి బందరు ఇంగ్లీషువాళ్లకి పోవడం బందరు గొడవ కాదండీ. 1754లో ఒహాయో లోయలో 22 ఏళ్ల వాషింగ్టన్ మనుషులు ఫ్రెంచి దళం మీద తుపాకులు పేల్చారు. రెండేళ్లు తిరిగేసరికి ఏడేళ్ల యుద్ధంతో యూరప్ అంటుకుంది. ప్రష్యా ఇంగ్లండు వైపు, ఆస్ట్రియా, రష్యా ఫ్రాన్సు వైపు. సెనెగల్, హవానా, మనీలా, ఏదీ మిగల్లేదు. ఆ లెక్కలోనే మనమూ. ఫ్రెంచి సేనాని లాలీ మద్రాసు మీద కన్నేసి 1758లో తమ దొర బుస్సీని వెనక్కి పిలిచాడు, సర్కార్లలో, అంటే మన కోస్తా జిల్లాల్లో, వాళ్లకి పెద్దదిక్కు పోయింది. విజయనగరం ఆనందగజపతి అదను చూసి ఇంగ్లీషువాళ్లకి కబురు పెట్టాడు, క్లైవ్ కలకత్తా నుంచి దళంతో ఫోర్డుని పంపాడు. డిసెంబరులో చందుర్తి యుద్ధం, 1759 ఏప్రిల్లో బందరు కోట. రాత్రిపూట బురదలో నడుచుకుంటూ వెళ్లి కొట్టారు. పట్టుబడ్డవాళ్లు పట్టుకున్నవాళ్ల కంటే ఎక్కువట!

విజ్జీ వాసి: ఆనందగజపతి ఇస్తానన్న డబ్బు ఇవ్వకుండా ఫోర్డుని నాన్చిన సంగతి కూడా రాయండి. మా ఊరి ప్రతాపం అది. అన్నట్టు ఆ రోజుల మాటంటే మా విజయనగరం కవి అడిదం సూరకవి గుర్తుకు రావాలి. "ఈ రాజులు రాజులే పెను తరాజులు గాక" అన్నది బొబ్బిలిలో పోయిన పెద్ద విజయరామరాజు ముందా, చినబాబు చిన విజయరామరాజు ముందా?

అమరం మాస్టారు: పెద్దాయన ముందే. ఇందులో చర్చేముంది?

విజ్జీ వాసి: చర్చ లేదని మీరంటే సరిపోతుందా? చినబాబు కొలువులో కూడా ఉన్నాడు కదా.

కోటగట్టు: ఎవరి ముందైనా ఆ "తరాజు" చూడండి, అంటే త్రాసు. రాజులో తరాజుని దాచాడు. అప్పటికి తరాజు పట్టుకొచ్చిన కంపెనీలే రాజులవుతున్నాయి. సూరకవి ఆ ఉద్దేశంతోనే అన్నాడని నా నమ్మకం.

అమరం మాస్టారు: అది మీ నమ్మకం. ఆయన తూచింది పక్క జమీందార్లని. యమకం కోసం పడ్డ మాట, అంతే.

యానాం అల్లుడు: పారిస్ సంధి సంగతి వినండి. 1763 ఫిబ్రవరిలో అక్కడ ఇంగ్లండు, ఫ్రాన్సు కూర్చుని దక్కన్‌కి అసలైన సుబేదారు, అంటే పాలకుడు, సలాబత్ జంగే అని రాసుకున్నాయి. ఆయనేమో అప్పటికే తమ్ముడి చేతిలో ఓడి బీదరు కోటలో ఖైదు! ఆ ఏడే పోయాడు. పాండిచ్చేరి, యానాం మాత్రం ఫ్రెంచివాళ్లకి తిరిగొచ్చాయి, కొట్లు పెట్టుకోవడానికి.

అమరం మాస్టారు: చూశారా, సలాబత్ జంగు కూడా పరాసుడే. నా అర్థంలో.

కోటగట్టు: దణ్ణం మాస్టారూ.

పాతబస్తీ: ఫరాష్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. గుర్తుపెట్టుకుంటాను.

బందరు పిల్ల: అసలు ప్రశ్న నాదండీ! ఇప్పుడే అమ్మమ్మ చెల్లెలికి ఫోన్ చేశాను. సు కాదట, యి కాదట, "పరాకుల పాలు" అట. పళ్లసెట్టు తీసేసి మాట్లాడుతోంది, సరిగ్గా వినపడలేదు. సాయంత్రం పెట్టుకున్నాక మళ్లీ చేస్తాను.

అమరం మాస్టారు: పరాకు! ఆగండి, దాని గురించి రాస్తున్నాను.