కార్డియోజెనిక్ షాక్‌లో యంత్ర సహాయం: ఎవరికి, ఎప్పుడు?

కార్డియాలజీ_రెసిడెంట్
భారీ గుండెపోటు తరువాత గుండె శరీరానికి చాలినంత రక్తం పంపలేని స్థితికి (కార్డియోజెనిక్ షాక్) చేరి, మూసుకుపోయిన రక్తనాళం తెరిచి, రక్తపోటు పెంచే నోరాడ్రినలిన్ మోతాదు పెంచుతూ పోయినా, అవయవాలకు రక్తం చాలడం లేదని తెలిపే లాక్టేట్ దిగిరాని రోగికి మీరు ముందుగా ఏ పరికరం అమరుస్తున్నారు? 600 మంది రోగులతో జరిగి 2012లో వెలువడిన ఐఏబీపీ-షాక్ 2 అధ్యయనంలో, బృహద్ధమనిలో ఉబ్బుతూ ముడుచుకుంటూ గుండెకు తోడ్పడే బెలూన్ పంపు (ఐఏబీపీ) వల్ల 30 రోజుల మరణాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదని తెలిసినా, మా విభాగంలో మొదటి ఆలోచన దానిమీదకే పోతున్నది.

క్యాథ్‌ల్యాబ్_వైద్యుడు
అది అలవాటు బలమే. 2024లో వచ్చిన డేంజర్ షాక్ అధ్యయనంలో ఇంపెల్లా సీపీ (ఎడమ జఠరికలోని రక్తాన్ని బృహద్ధమనిలోకి తోడే చిన్న పంపు) అమర్చినవారిలో 180 రోజులకు 45.8 శాతం, సాధారణ చికిత్స పొందినవారిలో 58.5 శాతం మరణించారు. అయితే ఆ ఫలితం స్టెమీ (ఈసీజీలో ఎస్‌టీ భాగం పైకి లేచే తీవ్ర గుండెపోటు) వల్ల షాక్‌లోకి వెళ్లినవారికే వర్తిస్తుంది. ఆసుపత్రి బయట గుండె ఆగి, తిరిగి కొట్టుకున్నా స్పృహ రానివారిని అందులో చేర్చుకోలేదు. పైగా రక్తస్రావం, కాలికి రక్తం అందకపోవడం, డయాలిసిస్ అవసరం పరికరం పెట్టినవారిలోనే ఎక్కువ. అందుకే నేను పరికరం కన్నా ముందు రోగిని ఎంచుకుంటాను.

పెర్‌ఫ్యూజనిస్ట్
రక్తాన్ని బయటికి తీసి, ప్రాణవాయువు కలిపి తిరిగి ఒంట్లోకి పంపే ఎక్మో యంత్రం విషయంలో ఆ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. 2023 నాటి ఈసీఎల్‌ఎస్-షాక్ అధ్యయనంలో, గుండెపోటు షాక్ రోగులందరికీ తొలి దశలోనే దాన్ని పెట్టినందువల్ల 30 రోజుల మరణాలు తగ్గలేదు. తొడ ధమని గుండా వెనక్కి పంపే రక్తం బలహీనపడిన ఎడమ జఠరికకు ఎదురొత్తిడి అవుతుంది. బృహద్ధమని కవాటం తెరుచుకోవడం మానేస్తే జఠరిక ఉబ్బి, ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది. గుండె కాస్త కోలుకుని, ఊపిరితిత్తులు ఇంకా పాడై ఉన్నప్పుడు, ప్రాణవాయువు తక్కువగా ఉన్న రక్తమే మెదడుకు చేరవచ్చు గనుక, రక్త నమూనా, మెదడుకు వెళ్లే రక్తం తీరును చూపే కుడిచేతి ధమని నుంచే తీయాలని పట్టుబడతాను.

ఐసీయూ_నర్సు
పరికరం ఏదైనా గొట్టం ఉన్న కాలిని రక్తం పారుతోందో లేదో ప్రతి గంటా డాప్లర్‌తో చూస్తాము. ఇంపెల్లా రోగికి మూత్రం ఎర్రబారితే, ఎర్రరక్తకణాలు చితుకుతున్నాయేమోనని ఎకోతో పంపు స్థానం సరిచూడమని వెంటనే వైద్యుడికి చెబుతాము.

రోగి_బంధువు
మా నాన్నగారికి ఎక్మో పెట్టేటప్పుడు, గుండె కోలుకోకపోతే ఏమిటన్నది మాకు ఎవరూ చెప్పలేదు. ఆ మాట సంతకానికి ముందే చెప్పవచ్చునా?

క్యాథ్‌ల్యాబ్_వైద్యుడు
చెప్పి తీరాలి. కోలుకోవడం, శాశ్వత పంపు, గుండెమార్పిడి, ఈ మూడింటిలో దేనికీ అవకాశం లేదని ముందే తెలిస్తే నేను అమర్చను. అత్యవసరంలో అది తేలకపోతే, అమర్చిన మరుసటి రోజే కుటుంబంతో కూర్చుంటాను.